గీత పడిన కాపీ

మరణ ధ్రువపత్రం పది కాపీలు కావాలి.
బ్యాంకుకి రెండు, కరెంటాఫీసుకి ఒకటి,
ఎల్లైసీకి, షాపు లైసెన్సుకి, మిగతావి ఎందుకో
ఎవరూ చెప్పలేదు, పది అన్నారంతే.
రత్నమక్క మిషన్ మీదే తీస్తున్నాను
రత్నమక్క పోయిందన్న కాగితాన్ని.

చినవాల్తేరు దిగుడు రోడ్డులో
కెరటం జిరాక్స్, లామినేషన్, స్పైరల్ బైండింగ్.
బోర్డు మీద కెరటం గీయమంటే
పెయింటరు పాము పడగలాంటిదేదో గీశాడు.
"పోన్లే, అదీ లేస్తాది కదా" అని డబ్బులిచ్చేసింది.

నేను ఇంటర్ హాల్‌టికెట్ జిరాక్స్‌కి వచ్చాను.
షట్టర్ సగం దించి ఉంది.
మెట్టు మీద పలక, సుద్దముక్కతో:
సముద్రానికెళ్లాను.
ఎప్పుడొస్తుందో రాయలేదు.
ముప్పావు గంటకి వచ్చింది మోపెడ్ మీద,
జడలోంచి నీళ్లు కారుతూ, భుజాన తువ్వాలు,
"పరీచ్చ రేపు గదా, ఇయ్యాలే కంగారేటి" అంటూ.
ఇచ్చిన చిల్లర తడిగా ఉంది.
ఆ తడి చిల్లర కోసమేమీ కాదు గానీ
పదకొండేళ్లు అక్కడే ఉండిపోయాను.

నలభై రెండేళ్లకి ఈత నేర్చుకుంది.
పెదజాలరిపేట ఎర్రోడు, పదమూడేళ్ల గురువు,
ఫీజు: వాడి స్కూలు ప్రాజెక్టులన్నీ కలర్ ప్రింటు.
చున్నీని నడుముకి బిగించి దిగితే
ఒడ్డున పల్లీలమ్మేవాళ్లు లేచి నిలబడేవారట.
మొగుడు వదిలేశాడా అని అడిగినవాళ్లకి
"నానే ఎక్కడో ఎట్టి మర్సిపోనాను" అనేది.

లెక్కలు మాత్రం రాసేది, తన పద్ధతిలో.
జమ, ఖర్చు, పక్కన మూడో గడి:
నీలం.
బురద.
తాబేలు పిల్లలు నూటపది, నేనే లెక్కెట్టాను.
ఇవాళ పలకలేదు.
ఆడిటరు ఆ గడి ఏ పద్దు కిందికొస్తుందని అడిగితే
"ఆస్తి కిందెట్టండి" అంది.

హుద్‌హుద్ మా షట్టర్ని ముద్ద చేసి పోయింది.
రెండు మిషన్లూ నీళ్లు తాగాయి.
నేను తడిసిన రీములు విప్పుకుంటూ ఏడుస్తుంటే
తను ఒడ్డుకి బయల్దేరింది.
"అంత గోల సేసినాక దానికీ సిగ్గుగుంటాది ఓలమ్మీ,
ఓపాలి పలకరించొద్దేటి?"
నాకు కోపమొచ్చింది. ఇప్పటికీ కొంచెం ఉంది.
కొత్త మిషన్ల వాయిదాలు మూడేళ్లు కట్టాం,
వడ్డీ సముద్రమేం కట్టలేదు.

ఇసుక.
లామినేషన్ కవర్లలో, స్టాప్లర్లో, గల్లాపెట్టెలో.
మెకానిక్ సుదర్శనం మిషన్ విప్పినప్పుడల్లా
టోనరు కన్నా ఇదే ఎక్కువుందని తిట్టేవాడు.
చివరికో రేణువు డ్రమ్ముని గీరింది.
అప్పట్నించీ ప్రతి కాపీకి అడ్డంగా
వెంట్రుకంత గీత.
ఈ పేటలో ఎన్ని ఆధార్లు, ఎన్ని టీసీలు,
ఎన్ని కులపత్రాలు, అద్దె అగ్రిమెంట్లు
ఆ గీతతో తిరుగుతున్నాయో.

సముద్రంలో పోయిందా అని అందరూ అడిగారు.
లేదు. కేజీహెచ్‌లో, కాలేయం పాడై,
కిర్రుమనే ఫ్యాన్ కింద, ఒక ఆదివారం.
కిటికీ అటువైపు లేదు.
సెలైన్ సీసాకేసి చాలాసేపు చూసి
"ఇదీ ఉప్పునీరేనటే?" అంది.
అవునన్నాను.
"అయితే పర్లేదు" అంది.

పదో కాపీ వచ్చింది, వేడిగా.
గీత సరిగ్గా పేరు కిందుగా పోయింది.
తేదీ, ఆసుపత్రి, రిజిస్ట్రేషన్ నంబరు
అన్నీ గీత కింద, మునిగి.
పైన కర్రి నూకరత్నం ఒక్కతే,
తల మాత్రం ఎత్తి.

బ్యాంకాయన కళ్లజోడు సర్దుకుని
గీత పడిందమ్మా, స్పష్టంగా ఉన్నది తెండి, అన్నారు.
పదీ అలాగే వచ్చాయి సార్, అన్నాను.
వెనక లైన్లో ఎవరో విసుక్కుంటున్నారు.
ఆయన నన్నోసారి చూసి స్టాంపు వేశారు,
గుండ్రంగా, ఊదారంగులో,
గీతకి సగం పైన, సగం కింద.